చెల్లని దారిని తోసిపారేయండి

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఫోన్‌లో పంపే సొమ్ము, కువైట్‌లో పనికి వెళ్లిన తల్లి మలికిపురంలో పిల్లలకు చేసే వీడియో కాల్, అమలాపురం నుంచి హైదరాబాద్ డాక్టరుకు వెళ్లే స్కాన్ రిపోర్టు. ఇవన్నీ ఏ దారిన పోవాలో తేల్చేవి రౌటర్లు. ఆ రౌటర్లు పక్క నెట్‌వర్కు ఏం చెబితే అది నమ్మేస్తాయి. ఆ మాట చెప్పే హక్కు అవతలివాడికి ఉందా అని వాటంతట అవి అడగవు. అడిగించే మార్గమే లేకపోతే సరిపెట్టుకుందుం. మార్గం ఉంది. దాని రూపురేఖలు 2012 ఫిబ్రవరిలో ప్రమాణంగా అచ్చయ్యాయి. రౌటరు ఎలా సరిచూసుకోవాలో 2013 జనవరిలో రాసిపెట్టారు. కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా సరిచూడకుండా నెట్‌వర్కు నడిపేవాళ్లకు సాంకేతికం అనే సాకు మిగల్లేదు. వాళ్లది పచ్చి నిర్లక్ష్యం.

ఈ మాట కోనసీమ నుంచి అడగడానికి నాకు కారణముంది. ఈ రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ అనే మాటకు మొదటి ప్రయోగం జరిగింది ఇక్కడే, సఖినేటిపల్లి మండలం మోరిలో, 2016 డిసెంబరులో. ఏడాది తిరిగేసరికి, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. వేగం ఎంత అని అడిగాం, ఛానళ్లు ఎన్ని అని అడిగాం. తీగలోకి ఎక్కిన సమాచారం చేరాల్సిన చోటికే చేరుతుందన్న పూచీ ఎవరిదని మాత్రం అడగలేదు. ఇచ్చినవాళ్లూ చెప్పలేదు.

నెట్ లేకపోతే ఏమవుతుందో ఈ సీమకు ఇంకొకరు పాఠం చెప్పక్కర్లేదు. 2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో విరుచుకుపడిన గుంపు మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టింది. వెంటనే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు అలాగే ఉంచారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. ఆ నిర్ణయం సబబా కాదా అన్నది వేరే వాదన. అక్కడ కనీసం ఒక ఉత్తర్వు ఉంది, నిలదీయడానికి ఒక అధికారి ఉన్నాడు, నెట్ పోయిందని అందరికీ తెలుసు. దారి మళ్లించే దెబ్బ ఇలా కనబడదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. యాప్ తెరుచుకుంటుంది. అవతల పలికేది మాత్రం మన బ్యాంకు కాకపోవచ్చు. నష్టం తెలిసేసరికి దొంగ తన మాట వెనక్కి తీసుకుని పోయి ఉంటాడు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో పోలీసు స్టేషనుకే తెలియదు.

అసలు లోపం ఎక్కడుందో చెబుతాను. ఇంటర్నెట్ అంటే వేలాది విడివిడి నెట్‌వర్కులు. ఒక్కోదానికి ఒక ఏఎస్ నంబరు ఉంటుంది. ఫలానా ఐపీ అడ్రసులు నా దగ్గరున్నాయి అని ప్రతి నెట్‌వర్కూ పక్కవాళ్లకు బీజీపీ అనే భాషలో చాటుతుంది. పక్కవాళ్లు ఆ పక్కవాళ్లకు చెబుతారు. 1989లో, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది ఇంజినీర్ల కాలంలో పుట్టిన పద్ధతి ఇది. అందులో రుజువు అనే మాటే లేదు. దానికి తోడు ఇంకో నియమం ఉంది. ఒకే అడ్రసుకు రెండు ప్రకటనలు వస్తే, చిన్న ముక్కను చాటినవాడిదే గెలుపు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి ఏం చేసిందో చూడండి. యూట్యూబ్ 1,024 అడ్రసుల గుత్తిని చాటుతుంటే, అందులోని 256 అడ్రసుల ముక్క తనదని చాటింది. ఆ మాట హాంకాంగ్ కంపెనీ పీసీసీడబ్ల్యూ ద్వారా ప్రపంచమంతా పాకింది. రెండు గంటలపాటు యూట్యూబ్ చాలా దేశాలకు అందలేదు.

పొరుగుదేశం పేరు చెప్పి చేతులు దులుపుకునే వీలు మనకు లేదు. 2015 నవంబరు 6న భారతి ఎయిర్‌టెల్ నెట్‌వర్కు తనవి కాని 16 వేలకు పైగా రూట్లను తనవిగా చాటింది. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్కు, ఏఎస్ 55410, ఏకంగా 30 వేలకు పైగా రూట్లను తనవని ప్రకటించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, అకమై, క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థల అడ్రసులు అందులో ఉన్నాయి. ఆ కాసేపట్లో దాని మీదకు వచ్చిపడ్డ ట్రాఫిక్ మామూలు కంటే 13 రెట్లు. దేశంలో కోట్లాది మంది నమ్ముకున్న రెండు పెద్ద కంపెనీలు, ఆరేళ్లు తిరగకముందే, ఒకే రకం తప్పు. రెండూ పొరపాట్లే కావచ్చు. పొరపాటున అంత జరిగితే, కావాలని పూనుకున్నవాడు ఎంత చేయగలడో ఆలోచించండి.

కావాలని పూనుకున్నవాళ్లు చేసి చూపించారు కూడా. 2018 ఏప్రిల్ 24న అమెజాన్ డీఎన్‌ఎస్ సేవకు చెందిన అడ్రసులను దారి మళ్లించి, మైఈథర్‌వాలెట్ అనే క్రిప్టో వాలెట్ వాడేవాళ్లను దొంగ సైటుకు తీసుకెళ్లి దోచుకున్నారు. 2022 ఫిబ్రవరి 3న దక్షిణ కొరియాలో క్లేస్వాప్ అనే క్రిప్టో సేవ వాడేవాళ్ల దగ్గర అదే దారిలో దాదాపు 19 లక్షల డాలర్లు కొట్టేశారు. బ్రౌజర్లో తాళం గుర్తు ఉంటే భయం లేదు కదా అని చదువుకున్నవాళ్లే నాతో వాదిస్తుంటారు. క్లేస్వాప్ దొంగలు సంపాదించిన సర్టిఫికెట్ అసలైనదే. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, ఈ సైటు నీదేనా అని పరీక్షించేదీ ఈ దారుల మీదుగానే. దారి దొంగ చేతిలో ఉంటే ఆ పరీక్షకు జవాబు చెప్పేదీ దొంగే. తాళం గుర్తు వాడికీ వస్తుంది.

దీనికి విరుగుడు ఏమిటో కోనసీమలో గజం నేల ఉన్నవాడికైనా ఒక్క ముక్కలో అర్థమవుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాడి కొబ్బరితోటను ఇక్కడెవడో తనదని అమ్మబోతే, పాసుపుస్తకమూ సర్వే నంబరూ అడ్డుపడాలి. అడ్రసులకు అలాంటి పుస్తకమే ఆర్‌ఓఏ. ఈ అడ్రసుల గుత్తిని ఈ ఏఎస్ నంబరు మాత్రమే చాటవచ్చు, ఇంత కంటే చిన్న ముక్కలుగా చాటకూడదు అని అసలు హక్కుదారు డిజిటల్ సంతకం చేసి పెడతాడు. ఆ సంతకం గొలుసు ప్రపంచంలోని అయిదు ప్రాంతీయ రిజిస్ట్రీల దాకా వెళ్తుంది. మనది ఆసియా-పసిఫిక్ రిజిస్ట్రీ ఏప్నిక్. దాని కింద మన దేశానికి నిక్సీ నడిపే ఇరిన్ ఉంది. రెండో సగం సరిచూడటం. ఒక చిన్న సర్వరు ఈ సంతకాలన్నీ దించుకుని పరీక్షించి, ఏ మాట నిజమో రౌటరుకు జాబితా అందిస్తుంది. వచ్చిన ప్రకటన జాబితాతో సరిపోతే చెల్లుతుంది, కాదంటే చెల్లదు. ఆ అడ్రసులకు సంతకమే లేకపోతే తెలియనిదిగా మిగులుతుంది. చెల్లనిదాన్ని తోసిపారేయాలి. చేయాల్సింది ఇంతే.

నాకు కోపం తెప్పించేది ఈ రెండో సగం దగ్గర జరిగే మోసం. సంతకాలు పెట్టేశాం, మా అడ్రసులకు ఆర్‌ఓఏలు ఉన్నాయి అని చెప్పుకునే కంపెనీలు తమ రౌటర్ల మీద ఎదుటివాడి పత్రం విప్పి చూడకపోతే చేసిన మేలేమిటి? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకం తెరిచేవాడే లేకపోతే ఎన్ని పాసుపుస్తకాలు అచ్చేస్తే ఏం లాభం? 2024 మే నాటికి ప్రపంచంలోని ఐపీవీ4 రూట్లలో సగానికి పైగా ఆర్‌ఓఏల కిందికి వచ్చాయని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ లెక్క చూపింది. మంచిదే. ఆ సంఖ్య పత్రాలది. నాకు కావలసింది వాటిని చూసే కళ్ల లెక్క.

నిస్ట్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఈ విద్య మనకు దూరపు చుట్టం కాదు. ఆ సంస్థ పరిశోధకుడు కోటికలపూడి శ్రీరామ్ ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది ఎవరింటివాడో. రూట్లు ఎలా లీకవుతాయో ఆరు రకాలుగా విడదీసి చెప్పిన 2016 నాటి ఇంటర్నెట్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7908కు మొదటి రచయిత ఆయన. దారి మొత్తానికి అడుగడుగునా సంతకం పెట్టించే బీజీపీసెక్ ప్రమాణానికి, 2017లో, ఇద్దరు సంపాదకుల్లో ఒకరు. 2019 డిసెంబరులో డగ్ మాంట్‌గోమరీతో కలిసి నెట్‌వర్కులు ఏమేం చేయాలో నిస్ట్ మార్గదర్శకం రాశారు. పైసా కట్టకుండా ఎవరైనా దించుకుని చదవవచ్చు. తెలుగు ఇంటిపేరున్న మనిషి లోకానికి రాసిచ్చిన జాగ్రత్తను తెలుగు గడ్డ మీద నెట్‌వర్కు నడిపేవాళ్లు పాటించకపోతే అంతకంటే సిగ్గుచేటు ఇంకేముంది?

ఖర్చు అంటారు. సరిచూసే సాఫ్ట్‌వేర్లు రౌటినేటర్, ఆర్‌పీకేఐ-క్లయింట్ రెండూ ఉచితం, మామూలు సర్వరు మీద నడుస్తాయి. ఖర్చయ్యేది ఇంజినీరు సమయం. ఆ సమయం కేటాయించని కంపెనీ హోర్డింగులకు మాత్రం డబ్బు కేటాయిస్తుంది.

ప్రమాదం అంటారు. దీనికి ఉదాహరణగా స్పెయిన్‌ను చూపిస్తారు, అది నిజంగా జరిగిందే. 2024 జనవరి 3న ఆరెంజ్ స్పెయిన్ కంపెనీకి యూరప్ రిజిస్ట్రీలో ఉన్న ఖాతాలోకి ఒక దొంగ దూరాడు. పాస్‌వర్డ్ పసిపిల్లాడు కూడా ఊహించగలిగేది, రెండో అంచె తాళం లేదు. తప్పుడు ఆర్‌ఓఏలు పెట్టేశాడు. సరిచూసే నెట్‌వర్కులన్నీ ఆరెంజ్ రూట్లను తోసేశాయి. మూడు గంటలపాటు జనానికి నెట్ సరిగా అందలేదు. అయితే ఏమంటారు? బీరువాకు తాళం వేయలేదు కాబట్టి దస్తావేజులే వద్దంటారా? ఖాతాకు రెండంచెల తాళం పెట్టండి, సంతకాలు మారితే వెంటనే తెలిసేలా కాపలా పెట్టండి.

ఇంకో అభ్యంతరం ఉంది, దానికి నేను తల వంచుతాను. ఈ పరీక్ష మొదటి చాటింపుదారు ఎవరో మాత్రమే చూస్తుంది. దొంగ తన ప్రకటనకు అసలు యజమాని ఏఎస్ నంబరును తగిలిస్తే అది చెల్లినట్టే కనబడవచ్చు. 2022 ఆగస్టు 17న సెలర్ బ్రిడ్జ్ అనే క్రిప్టో సేవ మీద జరిగిన దోపిడీలో అదే జరిగింది. అమెజాన్ ఆర్‌ఓఏ మరీ చిన్న ముక్కల దాకా అనుమతి ఇచ్చి ఉండటంతో, అమెజాన్ నంబరు తగిలించుకున్న దొంగ ముక్క పరీక్ష దాటేసింది. అందుకే ఆర్‌ఓఏ రాసేటప్పుడు నిజంగా చాటే ముక్కలకే అనుమతి రాయాలి. ఆ మాట 2022 అక్టోబరులో ప్రమాణంగా కూడా వచ్చింది. దారి మొత్తాన్ని పరీక్షించే అస్పా వంటి పద్ధతులు ఈ పునాది మీదే లేస్తున్నాయి. పునాదే వేయనివాడు పైకప్పు కారుతుందని వంక పెట్టడం నేను ఒప్పుకోను.

బాధ్యత ఎవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం రాజోలు, కొత్తపేట కేబుల్ ఆపరేటరు మీద పడకండి. అతను పైనున్న ఒకే కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొని, ఉన్నదంతా అటే పంపుతాడు. అతని పెట్టెలో సరిచూడటానికి రెండో దారే లేదు. సరిచూడాల్సింది అతనికి బ్యాండ్‌విడ్త్ అమ్మినవాడు. అమ్మకం బిల్లులో వేగం రాసి, భద్రత రాయకుండా తప్పించుకుంటున్నది అక్కడే. ఆపరేటర్లు కలిసికట్టుగా అడగాలి: చెల్లని రూట్లను మీరు తోసేస్తున్నారా లేదా, కాగితం మీద రాసివ్వండి. వాళ్లు అడగకపోతే వాళ్ల ఖాతాదారులుగా మనం అడగాలి.

ఇక ప్రభుత్వాలు. ఏపీ ఫైబర్‌నెట్ ప్రజల సొమ్ముతో పుట్టిన సంస్థ. తన అడ్రసులన్నింటికీ సరైన ఆర్‌ఓఏలు ఉన్నాయో లేదో, తన రౌటర్లు చెల్లని రూట్లను తోసేస్తున్నాయో లేదో జనానికి బహిరంగంగా చెప్పాలి. తన పని తాను చేశాక, తనకు బ్యాండ్‌విడ్త్ అమ్మేవాళ్లనూ నిలదీయాలి. నెదర్లాండ్స్ తన ప్రభుత్వ నెట్‌వర్కులన్నీ 2024 చివరికల్లా ఈ పద్ధతిలోకి రావాలని గడువు పెట్టింది. అమెరికా అధ్యక్ష భవనం 2024 సెప్టెంబరులో ఇందుకోసం ఒక కార్యాచరణ పత్రం విడుదల చేసింది. వీధి చివర టీ కొట్టులో కూడా ఫోన్‌తో డబ్బు చెల్లించే దేశం వాళ్లకంటే ముందుండాలి. టెలికాం శాఖ లైసెన్సులో ఒక్క షరతు చాలు: ఆర్‌ఓఏలు పెట్టు, చెల్లనివాటిని తోసెయ్, పరీక్ష ఫలితం ఏటా ప్రకటించు, తప్పితే జరిమానా కట్టు.

రాష్ట్రం మాత్రం ఢిల్లీ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. కలెక్టరేట్లకు, ప్రభుత్వ ఆసుపత్రులకు, బడులకు నెట్ కొనేది రాష్ట్రమే. కొనేవాడే షరతు పెడతాడు. చెల్లని రూట్లను తోసిపారేస్తున్నట్టు రుజువు చూపని కంపెనీ బిడ్‌ను తెరవకుండానే పక్కన పెట్టండి. ఆ వాక్యం వచ్చే టెండరు నోటీసులోనే ఉండాలి.