బాలసాక్ష్యమును అప్పీలు న్యాయస్థానములును

2025 మార్చి 18వ తేదీన సుప్రీముకోర్టు రాజస్థాన రాష్ట్రపు అప్పీలొకదానిలో నొసగిన తీర్పును మన ప్రాంతపు పెద్దలందఱు శ్రద్ధతో చదువవలసియున్నది. 1986లో ఒక బాలికపై అత్యాచారము జరిగెను. 1987లో సెషన్సు న్యాయస్థానము ముద్దాయికి ఏడేండ్ల శిక్ష విధించెను. విచారణమున బాలికను ప్రశ్నింపగా ఆమె నోరు మెదపలేదు. కన్నీరు మాత్రము కార్చెను. ఆ మౌనమును పురస్కరించుకొని హైకోర్టు 2013లో ముద్దాయిని విడుదల చేసెను. సుప్రీముకోర్టు దానిని రద్దుచేసి, భీతిల్లిన పసిదాని మౌనమును వయోజనుల మౌనముతో పోల్చరాదనియు, వైద్యపరీక్షయు తక్కిన సాక్ష్యమును నేరమును రుజువుచేయుచుండగా ఆ మౌనము వానిని చెఱుపజాలదనియు నిర్ణయించెను. ఈ న్యాయమునకు పట్టిన కాలము ముప్పదితొమ్మిదేండ్లు!

ఈ సూత్రము నూతనము గాదు. తగిన సాక్షులు లేనిచోట బాలుని సాక్ష్యమును మనుస్మృతియే అంగీకరించినది. సాహసకృత్యములందు సాక్షుల అర్హతను అతిగా శోధింపరాదనియు పలికినది. 1872 నాటి సాక్ష్యచట్టము వయస్సును గాక, ప్రశ్నను గ్రహించి ప్రత్యుత్తరమీయగల శక్తినే అర్హతగా నెంచినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమును అట్లే చెప్పుచున్నది. ఎనిమిదేండ్ల బాలిక సాక్ష్యమును గూర్చి 1951 డిసెంబరులో జస్టిసు వివియను బోసు తీర్పు చెప్పుచు, ఇతర సాక్ష్యపు బలము కోరుట వివేకసూత్రమే గాని శాసనము గాదనిరి. బాధితురాలి మాట గాయపడిన సాక్షి మాటతో సమానమని 1996లో పంజాబు వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్థిరపఱచెను.

బాలలు చెప్పిన ప్రతి మాటను కన్నులు మూసికొని నమ్మవలెనని మేము వాదించుట లేదు. పెద్దలు నేర్పిన పలుకులను బిడ్డ వల్లించుటయు గలదు. దానిని పరీక్షించుట న్యాయాధిపతుల విధి. 2012 నాటి పోక్సో చట్టము ముద్దాయికి ప్రతికూలమైన ఊహకు తావిచ్చినను, మూలవిషయములను ప్రాసిక్యూషను ముందుగా రుజువు చేయవలసినదే. నిర్దోషిని చెఱసాలకంపుట బిడ్డకు చేసిన న్యాయము కానేరదు.

అయితే అప్పీలు న్యాయాధిపతి బిడ్డను సాధారణముగా చూడడు. అతని యెదుట నుండునవి కాగితములే. బిడ్డ కంపించినదో, తడబడినదో, ఏడ్చినదో విచారణ న్యాయాధిపతి వ్రాసిననే అతనికి తెలియును. రాజస్థాన బాలికను తుదకు కాపాడినది ఆమె కన్నీరును నమోదుచేసిన వ్రాతయే. కావుననే పోక్సో చట్టము బాలలను బెదరించు ప్రశ్నలను నిషేధించినది. ముద్దాయి కంటబడకుండ సాక్ష్యము తీసికొనుమన్నది. కేసు చేపట్టిన ముప్పది దినములలో దానిని నమోదు చేయుమన్నది. ఈ గడువును మీఱిన ప్రతి మాసమును బిడ్డ జ్ఞాపకమును క్షీణింపజేసి, అప్పీలునందు సందేహమునకు ద్వారము తెఱచును.

మన ఆలేరు నియోజకవర్గములోని హాజీపూరును ఎవరు మఱవగలరు? 2019లో ఆ గ్రామపు బావులలో మువ్వురు బాలికల అవశేషములు బయల్పడినవి. సాక్ష్యము చెప్పుటకు వారెవ్వరును బ్రదికియుండలేదు. అయినను సందర్భసాక్ష్యమునుబట్టి నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానము 2020 ఫిబ్రవరి 6న ముద్దాయికి మరణదండన విధించెను. అట్టి దండన హైకోర్టు ధ్రువీకరించినగాని అమలు కాదు.

మృతులైన బిడ్డల పక్షమున ఊరంతయు ఆక్రోశించినది. బ్రదికియున్న బిడ్డ నోరు తెఱచినప్పుడు మాత్రము "పరువు పోవును, పంచాయితీలో తేల్చుకొందము" అను పెద్దమనుషులు మనలో లేరా? నేరము తెలిసియు ఫిర్యాదు చేయకుండుటకు పోక్సో చట్టమున ఆఱు మాసముల వఱకు శిక్షయున్నది. శిక్ష మాట యటుండనిండు. రచ్చబండ కడ గడిపిన ఒక్కొక్క దినమును వైద్యసాక్ష్యమును మాపును. ఆలస్యమేలయను ప్రశ్నను ముద్దాయి వకీలు చేతికందించును. ముద్దాయి విడుదలయైన పిదప న్యాయస్థానమును నిందించి ప్రయోజనమేమి? ఊరిపెద్దలారా! బిడ్డ చెప్పిన నాడే పోలీసుఠాణాకు కబురంపుడు. అప్పీలులో నిలువవలసిన సాక్ష్యము ఆనాడే మన వాకిట మొదలగుచున్నది.