ఇల్లాలి కంచమే కొలబద్ద

ఇల్లాలు బాగుంటేనే ఇల్లు బాగుంటుందని అందరూ అంటారు. అయితే ఆమె కంచంలో ఏముందో చూసేవారు అరుదు. అనంతపురం జిల్లా పల్లెల్లో తెల్లవారకముందే లేచి, ఇంటి పని ముగించి, పిల్లలను బడికి పంపి, కూలికి బయలుదేరే స్త్రీ అందరికీ పెట్టిన తరువాతే తాను తింటుంది. పప్పు గట్టిది మగవారికి, పిల్లలకు పోగా ఆమెకు మిగిలేది అడుగునున్న కట్టు. గుడ్డు వండితే ఆమె వంతు తరచుగా ఉండనే ఉండదు. ఇది త్యాగమని మెచ్చుకోవడం పరిపాటి అయింది. దాని ఫలితం మాత్రం శోచనీయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 63 మంది పరిస్థితి ఇదే. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్ళు తిరగడం, ఎప్పుడూ నీరసం - వీటిని పని అలసటగా భావించి ఊరుకోవడం వల్ల జబ్బు ముదురుతున్నది. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పు గండమవుతుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదమూ ఉంది.

ఒకప్పుడు ఈ సీమలో రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం నిత్యభోజనం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడంతో పేదవాని ఇంట వరి అన్నం రోజూ ఉడికింది. అది ఆకలి తీర్చిన మేలు. దానిని తక్కువ చేయనక్కరలేదు. కొర్రలు దంచే చాకిరీ నుంచి స్త్రీలకు విముక్తి కలిగిందన్నదీ వాస్తవమే. కాని తౌడంతా పోయిన తెల్లబియ్యమే మూడు పూటలా తింటే కడుపు నిండుతుంది గాని ఒంటికి కావలసినవన్నీ అందవు. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండగా, బియ్యంలో అది పది మిల్లీగ్రాముల ప్రాంతమే.

పాత తిండికి పూర్తిగా మళ్ళమని చెప్పడం తేలికే. పొద్దంతా పొలంలో ఉండే మనిషికి అది సాధ్యం కాదు. రోజులో ఒక్క పూట మారితే చాలు. రాగులు, జొన్నలు దంచే పని లేదు; వారానికొకసారి మరకు పంపి పిండి పట్టించుకుంటే సరిపోతుంది. రాత్రి పడుకునే ముందు గుప్పెడు పెసలో ఉలవలో నానబోస్తే మరునాటికి గుగ్గిళ్ళకు సిద్ధం. స్నానాల నీరు పారేచోట ఒక మునగచెట్టు, నాలుగు మళ్ళ తోటకూర వేస్తే ఆకుకూర కొననక్కరలేదు. ఆకును కడిగిన తరువాతే తరగాలి. ఉడికించిన నీరు పారబోయరాదు. కూరలో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది కనుక గంట సేపైనా ఆగడం మంచిది.

వేరుశనగకు పెట్టింది పేరైన జిల్లా ఇది. నూరు గ్రాముల వేరుశనగ పప్పులో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులు ఉన్నాయి. అయినా పంటంతా మార్కెట్టుకు తోలి, ఆ రైతు బిడ్డే బడి దగ్గర అంగట్లో అయిదు రూపాయల చిప్స్ పొట్లం కొనుక్కోవడం విచారకరం. ఇంటి మందం ఒక మూట దాచుకొని బెల్లంతో ఉండలు చేసి పెడితే ఆ పొట్లంతో పనేముంది?

తిండి ఒక్కటే మందు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు తగ్గరాదు. అక్కడ ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలు మలం నల్లబడిందనో, వికారమనో మధ్యలో మానేయడం తగదు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లలు తప్పక మింగేటట్లు చూడాలి.

అధికారుల బాధ్యతా తక్కువ కాదు. చౌకధరల బియ్యంకన్నా కొర్రలు ఎంతో ప్రియమైనప్పుడు వాటిని తినమని పేదలకు ఉపన్యాసాలివ్వడం వృథా. రాగులు, జొన్నలు చౌకధరల దుకాణాల్లో ఏడాది పొడుగునా దొరకాలి. కొర్రల పొట్టు తీసే మరలు కొన్ని గ్రామాలకు ఒకటైనా ఉండాలి. దంచే చాకిరీని మళ్ళీ స్త్రీల నెత్తిన వేసే ఏ ప్రచారమూ నిలవదు.

అన్నిటికన్నా ముందు జరగవలసిన మార్పుకు పైసా ఖర్చు లేదు, ఏ ఉత్తర్వూ అక్కరలేదు. రాత్రి భోజనానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోవాలి. పప్పు, కూర, గుడ్డు ఎన్ని ఉంటే అన్ని వంతులు వేసి ఇల్లాలి వంతు ముందే తీసి ఉంచాలి. ఈ పని ఇంటి మగవారు, అత్తమామలు పూనుకుంటేనే జరుగుతుంది. ఆమె తనంతట తాను అడగదు. ఆడపిల్లలకూ తమ్ముళ్ళతో సమంగా వడ్డించాలి. ఆవు ఈనితే దాణా పెంచడం తెలిసిన రైతుకు, బిడ్డకు పాలిచ్చే తల్లికి ఎంత తిండి కావాలో వేరే చెప్పనక్కరలేదు.