చూరుకింద మట్టిగూడు

మా అత్తవారిది ఆత్మకూరు. నా పుట్టిల్లు ఉదయగిరి. ఉదయగిరి నుంచి మావాళ్లెవరొచ్చినా నాలుగు చెక్క చెంచాలు తేకుండా రారు. ఆ వూరి పనివాళ్లకు పేరు తెచ్చిన సరుకది. అట్లా వచ్చిన చెంచాల్లో అన్నిటికంటే చిన్నది మొన్న ఆషాఢంలో కనబడకుండా పోయింది. వెతగ్గా వెతగ్గా పెరట్లో మా పదేళ్లవాడి చేతిలో దొరికింది. దాంతో వాడు సాలెపురుగును ఎత్తి ఊరగాయ సీసాలో వేస్తున్నాడు!

"ఇదేంది అబ్బయ్యా! వంటింటి చెంచాతో పురుగులా?" అని మా అత్తయ్య కేకలు వేశారు.

"ఇది పురుగుల్లోకి రాదు నాయనమ్మా. పురుక్కి ఆరే కాళ్లు, దీనికి ఎనిమిది" అన్నాడు వాడు తలెత్తకుండా.

తప్పు నాదేనని వొప్పుకోవాలి. నేను చిన్నప్పుడు ఉదయగిరి దుర్గం కింద, తొలకరి పడగానే పిలకాయలమంతా ఆరుద్ర పురుగులకు పోయేవాళ్లం. తడి ఇసుకమీద ఎర్ర మఖమలు గుండీలు పారబోసినట్టుండేవి. ఒకసారి అగ్గిపెట్టెనిండా పట్టి తలగడ కింద పెట్టుకు పడుకున్నాను. తెల్లారి చూస్తే ఒక్కటీ కదల్లేదు. ఆ అగ్గిపెట్టె నేటికీ మరవలేదు. ఆ కథ చెప్పబట్టే వాడికీ పిచ్చి పట్టుకుంది. ఆరుద్ర పురుగు కూడా సాలీడుకు చుట్టమేననీ, పిల్లదశలో ఆరు కాళ్లే వుండి తర్వాత ఎనిమిదవుతాయనీ తిరిగి వాడే నాకు చెప్పాడు.

అందుకని మా యింట్లో కొన్ని షరతులు పెట్టాను. సీసా మూతికి పల్చని గుడ్డ కట్టాలి. ఏ తేదీన, ఎక్కడ, ఏం చేస్తుండగా దొరికిందో పుస్తకంలో రాయాలి. సాయంత్రానికి దాని చోట దాన్ని వదిలిపెట్టాలి. తేలు, జెర్రి జోలికి పోగూడదు.

ఇంతలో ఒక సన్ననడుము కందిరీగ మా వసారా చూరుకింద మట్టిగూడు కట్టసాగింది. కొళాయి దగ్గరి బురదను వుండచేసి తెస్తుంది, మెత్తుతుంది, మళ్లీ పోతుంది. నాలుగు రోజుల్లో మూడు గదులయినాయి. అత్తయ్య మనవణ్ణి దగ్గర కూచోబెట్టుకుని భ్రమర కీటక న్యాయం చెప్పారు. తుమ్మెద పురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేస్తుందనీ, ఆ నాదం విని విని పురుగు తుమ్మెదగా మారిపోతుందనీ, శిష్యుడు గురువంతటివాడు కావటం కూడా అట్లాంటిదేననీ అన్నారు. మా మామగారు బతికివున్నన్నాళ్లూ అరుగుమీద పదిమందిని చేర్చి చెప్పిన కథ అది.

మర్నాడు మధ్యాహ్నం మావాడు నిచ్చెన వేసుకుని ఒక గది పగలగొట్టాడు. లోపల పదకొండు సాలీళ్లున్నాయి. చచ్చినవి కావు, ముట్టుకుంటే కాలు అదురుతుంది గాని లేచి నడవలేవు. ఒకదాని పొట్టను బియ్యపు గింజ కంటే చిన్నది, తెల్లటి పురుగొకటి కరుచుకుని వుంది. "నాయనమ్మా! మారటం లేదు, తింటోంది!" అని వాడు వీధి వినబడేట్టు అరిచాడు.

అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రాత్రి మజ్జిగ మాత్రం తాగి పడుకున్నారు. నాకు గుండె రాయయింది. పసివాడు నిజం చెప్పాడని సంతోషించాలో, పోయిన మనిషి మాటను కాదన్నట్టయిందని బాధపడాలో తెలియలేదు.

నిజానికి ఈ సంగతి ఫ్రాన్సులో ఫాబర్ అనే ఉపాధ్యాయుడు ఏనాడో ఓపిగ్గా గమనించి రాశాడు. ఆయన 1823లో పుట్టి 1915లో పోయాడు. కీటకాల మీద పది సంపుటాలు వెలువరించాడు. కందిరీగ సాలీడును కుట్టి కదలకుండా చేస్తుంది, గూట్లో పెట్టి దానిమీద గుడ్డు పెడుతుంది, తలుపు మూస్తుంది. పిల్లకు వేట ఎక్కువకాలం చెడకుండా వుంటుంది.

మన దగ్గర కూడా చూసేవాళ్లు లేక మరుగునపడ్డ వింతలు లేకపోలేదు. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన ఒకే ఒక్క నీలిరంగు పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత నూరేళ్లు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టుతొర్రల్లో మళ్లీ కనిపించింది. కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి వుంటుందని వూహ. 2008లో దాన్ని అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా వున్న జీవుల జాబితాలో చేర్చారు. అందుకే మావాడికి ఇంకో షరతు కూడా పెట్టాను: పెరటివి చూడు, అడవివి తేవద్దు.

మళ్లీ మా యింటికి వస్తాను. పగిలిన గదిలోని సరంజామా అంతా వాడు చెక్క చెంచాతోనే సీసాలోకి మార్చాడు. మూడోనాడు తెల్లవారుజామున వసారాలో దీపం వెలిగితే లేచి వెళ్లాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని సీసా ముందు కూచుని వున్నారు. నన్ను చూసి, "ఏడోదాన్ని పట్టిందమ్మాయ్" అన్నారు మెల్లిగా.

రోజులు గడిచాయి. సీసాలోని పురుగు తిండి ముగించి గూడు అల్లుకుంది. నెల తిరగకముందే చూరుకింద మిగిలిన గదుల్లో ఒకదానికి చిల్లిపడి, పసుపు కాళ్ల కొత్త కందిరీగ బయటికి వచ్చింది. కాసేపు రెక్కలు సవరించుకుని ఎగిరిపోయింది.

"తాతయ్య చెప్పింది తప్పేనా నాయనమ్మా?" అన్నాడు మావాడు. ఈసారి అరవలేదు.

అత్తయ్య కొంచెంసేపు ఆగి, "మీ తాతకు ఎవరూ చూపించలేదు నాయనా. చూపించి వుంటే యీ సీసా ముందునుంచి లేచేవారు కాదు. అరుగుమీదికి పదిమందిని పిలిచి మరీ చెప్పుండేవారు" అన్నారు.

ఆ మాటతో నా గుండెబరువు దిగింది. ఈ వానల్లో మీ చూరుకింద కూడా మట్టిగూడు కనబడితే చీపురు ఎత్తకండి. నెలరోజులు వోపిక పట్టండి. మా చెంచా మాత్రం మళ్లీ వంటింట్లోకి రాలేదు. అత్తయ్యే రానివ్వలేదు, ఉదయగిరికి కబురుపెట్టి ఇంకోటి తెప్పించమన్నారు.