కంచె అవతల ఏముందో చూశారా?

డల్లాస్ ఉత్తర శివార్లలో, ప్రాస్పర్, సెలీనా వైపు మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు చూడనిదంటూ ఉండదు. తూర్పు వాకిలి, పూజగదికి చోటు, గ్రానైట్ రంగు, స్కూలు రేటింగు... నెలల తరబడి వెతుకుతాం. పెరటి కంచె అవతల ఏముందో మాత్రం గృహప్రవేశం అయ్యాక, గాలి అటునుంచి మళ్లిన రోజున తెలుస్తుంది. అప్పుడు "కేసు వేద్దామా?" అంటారు. వీకెండ్ పార్టీల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను.

వేయొచ్చు. పొరుగు స్థలం నుంచి వచ్చే వాసనో, పొగో, చప్పుడో మన ఇంట్లో మనల్ని కాపురం చేసుకోనివ్వనంతగా ఉంటే ఇక్కడి చట్టం దాన్ని 'ప్రైవేట్ న్యూసెన్స్' అంటుంది. అయితే అక్కడికి ముందు ఎవరు వచ్చారన్నదీ లెక్కలోకి వస్తుంది.

దీనికి అరిజోనా సుప్రీంకోర్టు 1972లో ఇచ్చిన తీర్పును మించిన ఉదాహరణ లేదు. ఫీనిక్స్‌కు పశ్చిమాన డెల్ వెబ్ అనే బిల్డర్ 1959లో దాదాపు 20 వేల ఎకరాల సాగుభూమి కొని, రిటైరైనవాళ్ల కోసం సన్ సిటీ కట్టడం మొదలుపెట్టాడు. దక్షిణాన పశువుల దొడ్లు అప్పటికే ఉన్నాయి. ఇళ్లు ఇటు, దొడ్లు అటు పెరుగుతూ వచ్చి ఒకదాన్నొకటి తాకాయి. 20 నుంచి 30 వేల పశువులు, రోజుకు 10 లక్షల పౌండ్లకు పైగా పేడ. ఆ ఈగలు, ఆ కంపు మీరే ఊహించుకోండి. దొడ్డి ఎత్తేయాలని కోర్టు చెప్పింది. కానీ ఆ ఖర్చు తగినమేరకు డెల్ వెబ్ భరించాలంది. నష్టం బిల్డర్‌కు మాత్రమే అయివుంటే ఏ ఊరటా దక్కేది కాదనీ స్పష్టం చేసింది. నాకిది న్యాయంగానే తోస్తుంది. చౌక భూమితో లాభపడ్డవాడే కదా బిల్లు కట్టాల్సింది!

ఆ తీర్పును నమ్ముకుని టెక్సాస్‌లో కోర్టు మెట్లు ఎక్కకండి. రైతును కాపాడే చట్టాలు ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. టెక్సాస్‌లో ఏడాదికి మించి చట్టబద్ధంగా, పెద్ద మార్పు లేకుండా నడుస్తున్న పశుపోషణ మీద న్యూసెన్స్ దావా నిలవడం కష్టం. వేసి ఓడితే అవతలివాళ్ల లాయరు ఫీజు కూడా మన నెత్తినే పడొచ్చు.

ఇక మన చప్పుళ్ల సంగతి. మసాచుసెట్స్‌లో 1888లో, చర్చి గంట మోగితే తనకు ఫిట్స్ వస్తున్నాయని ఒక రోగి దావా వేస్తే కోర్టు ఒప్పుకోలేదు. మామూలు మనిషికి ఎలా ఉంటుందన్నదే కొలత. ఆ కొలతతో చూస్తే సత్యనారాయణ వ్రతం గంటకు భయం లేదు. అర్ధరాత్రి పెరట్లో డీజేకి మాత్రం ఆ ధీమా లేదు. ఏ పొరుగువాడైనా మామూలు మనిషే.

కొనబోయే ఇంటి వెనక స్థలం సాగుభూమిగా నమోదై ఉందో లేదో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో ఉచితంగా కనిపిస్తుంది, అయిదు నిమిషాల పని. సంతకం పెట్టేముందు ఒక వేసవి సాయంత్రం అక్కడ కారు ఆపి, అద్దాలు దించి కాసేపు కూర్చోండి.