తరంగశక్తి: కొనసాగవలసిన పరీక్ష

2022వ సంవత్సరము నవంబరు మాసమున తూత్తుకుడి తీరమునకు 6 కిలోమీటర్ల దూరమున, 20 మీటర్ల లోతుగల సముద్రమునందు మద్రాసు ఐ. ఐ. టి. ఆచార్యులు ‘సింధుజ-1’ అను నమూనాయంత్రమును నిలిపి పరీక్షించిరి. కదలని స్తంభమొకటి నడుమ నుండును. దానిని చుట్టియున్న బోయా కెరటముతోగూడ లేచుచు దిగుచుండును. ఈ కదలికయే విద్యుజ్జనక యంత్రమును నడుపును. అందు పుట్టిన శక్తి 100 వాట్లు. ఒక పంకాకును, ఒకటి రెండు దీపములకును అది చాలును. ఇంతమాత్రమునకా యింత ప్రయాసమని నవ్వువారు కలరు. మేము వారిలో చేరము. మొదటి పరీక్ష పని దీపములు వెలిగించుట గాదు. యంత్రము కడలిలో నిలుచునా లేదా యని తెలిసికొనుట.

మా విచారమునకు కారణము వేఱు. మన దేశమున కిది తొలి ప్రయత్నము గాదు. 1991లోనే తిరువనంతపురము చెంత విళింజమున 150 కిలోవాట్ల తరంగవిద్యుత్కేంద్రమును ఈ ఐ. ఐ. టి. వారే నెలకొల్పిరి. సముద్రమున దింపిన కాంక్రీటు గదిలో కెరటము పొంగినపుడు గాలి పైకి తోయబడును. తగ్గినపుడు లోనికి లాగబడును. గాలి యెటు వీచినను ఒకే దిక్కునకు తిరుగు చక్రము ఆ గదిపై నమర్చబడినది. తరువాత ఆ శక్తితో ఉప్పునీటిని మంచినీటిగా మార్చు ప్రయోగమును గూడ జరిపిరి. కాలక్రమమున ఆ కేంద్రము మూతపడినది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు చిన్న యంత్రములను పరీక్షింపకపోలేదు. సింధుజ వేఱొక జాతి యంత్రమన్నదియు నిజమే. అయినను 150 కిలోవాట్లు చూచిన దేశము 31 ఏండ్ల పిమ్మట 100 వాట్లను వార్తగా చదువుకొనుట ఆలోచింపదగిన విషయము. మనకు కొఱవడినది బుద్ధి గాదు, పట్టుదల.

ఇందు స్కాట్లండు మనకు పాఠము చెప్పగలదు. 2003లో ఆర్క్నీ ద్వీపములందు సముద్రశక్తి పరీక్షాకేంద్రమును నెలకొల్పిరి. 2004లో ‘పెలామిస్’ అను తేలియాడు యంత్రము అచ్చటనుండి దేశపు విద్యుత్తీగెలకు శక్తి నందించినది. పదేండ్లకు ఆ కంపెనీ దివాలా తీసినది. అంతటితో కథ ముగియలేదు. ఆ యేటనే ప్రభుత్వము తరంగశక్తికై ఒక సంస్థను స్థాపింపగా, ఆ సంస్థ పెలామిస్ వారి విజ్ఞానమును తాను సేకరించి భద్రపఱచినది. కంపెనీ కూలినది గాని విద్య కూలలేదు.

మన ప్రభుత్వమువారికి మేము విన్నవించునవి మూడు. తీరమున ఒక శాశ్వత పరీక్షాస్థలముండవలెను. వర్షర్తువును, వేసవిని, తుపానును యంత్రము చవిచూడవలెను. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దినముల తరబడి చీకటిలో ముంచిన సంగతి తెలుగువారు మఱచియుండరు. అట్టి కడలిని ఒక శుభ్రమైన నవంబరు దినమున పరీక్షించిన చాలదు. రెండవది, ఫలితములు, వానిలోను ముఖ్యముగా వైఫల్యములు, దేశభాషలలో ప్రకటింపబడవలెను. ధనము ప్రజలది, లెక్కయు ప్రజలకే చెందవలెను. మూడవది, వలలు వేయుచోట గొలుసులు దింపుటకు ముందు బెస్తవారిని సంప్రదింపవలెను. కెరటముల పోకడ వారికి తెలిసినట్లు మఱెవ్వరికి తెలియును?

మూడేండ్లలో ఒక మెగావాటు సాధింతుమని 2022లో సింధుజ నిర్మాతలు ప్రకటించిరి. గొప్ప లక్ష్యమును మేము మెచ్చుకొందుము. గడువు తప్పినను తప్పుబట్టము. పరీక్షను నడుమ విడిచి, నేర్చినదానిని బీరువాలో దాచుటను మాత్రము క్షమింపజాలము. కెరటము వెనుకకు పోయినను మరల వచ్చును. మన ప్రయత్నమును అట్లే యుండవలెను.