దెయ్యం లెక్క తేలకున్నా సరే, మనిషి లెక్క తేలాలి

హాస్టల్లో హారర్ సినిమా అయిపోయాక జరిగే గొడవ ఎప్పుడూ ఒకటే. ఒకడంటాడు, "ఏందిరా, ఏదీ తేల్చకుండనే ఆపేసిండు" అని. ఇంకొకడంటాడు, "గదేరా మజా, అంతా చెప్పేస్తే ఇంకేముంటది" అని. ఒక్క సినిమా వరకైతే ఈ వాదన చాయ్ తాగే లోపు అయిపోతుంది. రెండు మూడు భాగాలుగా ఏళ్ళ తరబడి నడిచే కథకు మాత్రం అంత తేలిగ్గా తెగదు. ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడు పెట్టింది రెండున్నర గంటల టైమ్ మాత్రమే కాదు, నమ్మకం కూడా. 'ఇప్పుడు చెప్పలేదు, తర్వాత చెప్తారులే' అనే నమ్మకం.

నా మాట ముందే చెప్పేస్తున్నా. హారర్ సిరీస్ అస్పష్టంగా ముగియొచ్చు, ముగిసి తృప్తి కూడా ఇవ్వొచ్చు. కానీ ఒక షరతు ఉంది. దెయ్యం ఉందా లేదా అన్న లెక్క తేలకపోయినా పర్లేదు, ఆ కథలో ఉన్న మనుషుల లెక్క మాత్రం తేలాలి. (ఇక్కడి నుంచి కొన్ని సినిమాల మలుపులు బయటపెడుతున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.)

మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఎం-1లో చదివిన ఇన్ఫినిట్ సిరీస్ గుర్తు చేసుకోండి. సగం, పావు, అరపావు అని కలుపుకుంటూ పోతే దానికి చివరి పదం అంటూ ఉండదు. అయినా అది ఒకటి దగ్గరికే పోతోందని మనకు తెలుసు. అది కన్వర్జ్ అవుతుంది. అదే ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి అని మార్చి మార్చి వేసుకుంటూ పోతే ఎన్ని పదాలు కలిపినా ఒకటికీ సున్నాకీ మధ్య ఊగుతుందే తప్ప ఎక్కడికీ చేరదు. రెండింటికీ చివరి పదం లేదు. ఒకదానికి గమ్యం ఉంది, ఇంకోదానికి లేదు. మంచి అస్పష్టమైన ముగింపు మొదటి రకం. చివరి మాట చెప్పదు, కానీ ఎటు పోతోందో మనకు తెలిసిపోతుంది.

తెలుగులో దీనికి కొలబద్ద సినిమా కాదు, నవల. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో వారం వారం దానికోసం ఎట్లా కాచుక్కూర్చునేవాళ్ళో మన అమ్మమ్మల తరాన్ని అడిగితే చెప్తారు. పాప పేరిట వచ్చిన ఆస్తి కోసం ఆమెపై చేతబడి చేయిస్తారు. పాప మంచాన పడుతుంది. అక్కడి నుంచి కథ రెండు పట్టాల మీద నడుస్తుంది. ఒక పట్టా మీద డాక్టర్లు, ఇంకో పట్టా మీద మంత్రగాళ్ళ లోకం. పాపకు జరిగే ప్రతిదానికీ ఇటు నుంచి ఒక కారణం, అటు నుంచి ఒక కారణం కనిపిస్తుంటాయి. చివరికి పాప బతుకుతుంది. బతికించింది వైద్యమా, ప్రయోగాన్ని ఆపడమా అన్నది చదివేవాడికే వదిలేస్తారు.

గమనించండి, అక్కడ వదిలేసింది ఒక్క ప్రశ్నే. పాప ఏమైంది, కుట్ర ఎవరిది, ఎందుకు చేశారు, ఇవన్నీ తేలిపోయాయి. అందుకే పుస్తకం మూసేశాక వచ్చేది చిరాకు కాదు, ఆలోచన. నమ్మేవాడు, నమ్మనివాడు ఇద్దరూ అదే పుస్తకాన్ని సాక్ష్యంగా పట్టుకుని కొట్లాడుకోవచ్చు. మూఢనమ్మకాలు పెంచుతోందని హేతువాదులు దాన్ని తిట్టారు, ఆ తిట్టులోనూ న్యాయముంది. కానీ ముగింపుగా చూస్తే అది గట్టి ముగింపు. తర్వాత 'తులసి' వచ్చింది, దాని ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. ఇప్పుడు ఎవరిని కదిలించినా మొదట గుర్తొచ్చేది కాష్మోరా అనే పేరే. 'ఇంతకీ పాపను బతికించింది ఏది?' అన్న ప్రశ్న వెనక్కి పోయింది. ప్రశ్న కన్నా భూతం పేరు బాగా అమ్ముడుపోతుందన్న సంగతి మనవాళ్ళకు అప్పుడే తెలిసిందనుకుంటా.

ఇదే పని పెద్ద తెర మీద ఇంకా స్పష్టంగా కనబడేది చంద్రముఖి విషయంలో. 1993లో మలయాళంలో వచ్చిన 'మణిచిత్రతాళు' దాని మూలం. అక్కడి నుంచి కన్నడ 'ఆప్తమిత్ర' (2004), తర్వాత 2005లో పి. వాసు, రజినీకాంత్‌ల 'చంద్రముఖి'. తెలుగు డబ్బింగ్‌ను మనం సొంత సినిమా లెక్కనే చూశాం. గంగకు పట్టింది దెయ్యం కాదు, మనసు జబ్బు అని డాక్టర్ తేలుస్తాడు. కానీ వైద్యం చేసే తీరు చూడండి, మంత్రగాడి సాయంతో, పూజ సెట్టింగ్‌తో, బొమ్మను తగలబెట్టించి చేస్తాడు. మధ్యమధ్యలో ఆ బంగళాలో తిరిగే పెద్ద పాముకు ఎవరూ సమాధానం చెప్పరు. జబ్బు పేరు తెలిసింది, గంగ బాగుపడింది, ఆమె భర్త బతికాడు. ఒక పాము మాత్రం మిగిలింది. ఆ మాత్రం అస్పష్టత కూరలో ఇంగువ లాంటిది, వాసనకు చాలు.

తర్వాత ఏం చేశారు? కన్నడలో 'ఆప్తరక్షక', అదే 2010లో మనకు వెంకటేష్‌తో 'నాగవల్లి'. ఎప్పుడో చచ్చిపోయాడనుకున్న రాజు వందేళ్ళు దాటినా బతికే ఉన్నాడన్నారు. 2023లో 'చంద్రముఖి 2' వచ్చేసరికి జబ్బు మాట పక్కకు పోయి నిజం ఆత్మలే దిగిపోయాయి. మొదటి సినిమా కష్టపడి మూసిన తలుపును తెరిచి, లోపల ఏముందో చూపించారు. చూపించాక భయం పోయింది. అస్పష్టంగా ఉండాల్సిన ఒక్క ముక్కను స్పష్టం చేశారు, తేలిపోయిన మనిషి కథనేమో మళ్ళీ తవ్వారు. పని మొత్తం తిరగబడింది.

బయటి దేశాల్లోనూ ఇదే గోల. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో మనలాంటి ముగ్గురు స్టూడెంట్లు అడవిలోకి పోతారు. చివరి షాట్‌లో ఒకడు పాడుబడ్డ ఇంట్లో గోడవైపు తిరిగి మూలకు నిలబడి ఉంటాడు, కెమెరా పడిపోతుంది, అంతే. మంత్రగత్తె కనబడదు. కానీ ఆ మూలకు నిలబడటం అంటే ఏమిటో సినిమా మొదట్లోనే ఒక ఊరి మనిషి మాటల్లో చెప్పించేశారు. పిల్లల్ని చంపిన ఒక హంతకుడు ఒకరిని చంపేటప్పుడు ఇంకొకరిని మూలకు నిలబెట్టేవాడని. కాబట్టి ఆధారం మన చేతిలోనే ఉంది, జవాబు మాత్రం మనం కూడుకోవాలి. ఆ తర్వాత 2000లో ఒకటి, 2016లో ఒకటి వచ్చాయి. రెండూ ఆ గోడమూల దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఇప్పుడు మన కాలం సిరీస్‌కు వద్దాం. 'మా ఊరి పొలిమేర'. డాక్టర్ అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో మొదటి భాగం 2021 డిసెంబర్‌లో హాట్‌స్టార్‌లో వచ్చింది. రెండోది 2023 నవంబర్‌లో థియేటర్లకు వచ్చి బాగానే ఆడింది. మూడోది తీస్తామని ప్రకటించారు. మన ఊళ్ళ యాస, మన ఊళ్ళ అరుగులు, ఆటో నడుపుకునే కొమిరిగా సత్యం రాజేష్, పోలీసు తమ్ముడు జంగయ్యగా బాలాదిత్య, లచ్చిమిగా కామాక్షి భాస్కర్ల. చేతబడి భయం వెనక మనిషి ఆశ, మనిషి పథకం ఉంటాయని చూపించడం దాని బలం. చచ్చాడనుకున్న కొమిరి బతికే ఉన్నాడని మొదటి భాగం చివర్లో తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. అది నిజమైన మలుపు, ఎందుకంటే అప్పటిదాకా చూసిన కథ అర్థాన్నే అది మార్చేసింది. అన్నను వెతుక్కుంటూ పోయే జంగయ్యతో రెండో భాగం నడిచింది. దాని చివర మాత్రం తేడాగా అనిపించింది. అది మూడోదానికి దారి వదిలింది, అంతే.

అస్పష్టమైన ముగింపు వేరు, కొక్కెం వేరు. అస్పష్టత 'నువ్వేమనుకుంటున్నావ్?' అని అడుగుతుంది. కొక్కెం 'మళ్ళీ రా' అంటుంది. మొదటిది బయటికొచ్చాక మనతో వాదన పెట్టిస్తుంది, రెండోది రిలీజ్ డేట్ వెతికిస్తుంది. కొక్కెం తప్పని నేననను. 'విరూపాక్ష' (2023) కూడా చివర్లో చిన్న సూచన వదిలింది, కానీ ఆ ఊరి కథను ముగించాకే వదిలింది. సూచన తీసేసినా సినిమా నిలబడుతుంది. తీసేస్తే కథే కుంటుపడేంత కొక్కెం వేస్తే మాత్రం అది ముగింపు కాదు, వాయిదా. సప్లీ రాయాల్సిన సబ్జెక్టును పాస్ అని చెప్పుకోలేం కదా.

'హారర్ అంటే భయపడటానికి, ఇంత లెక్కలెందుకు బ్రో' అనేవాళ్ళుంటారు. వాళ్ళకు మా దిక్కు సంగతి చెప్తాను. మాది నిడమనూరు. మిర్యాలగూడ నుంచి హాలియా పోయే దారిలో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి పొలాలు. పట్నం నుంచి చూస్తే మూఢనమ్మకాలకు దూరంగా ఉన్న ఊరనిపిస్తుంది. కానీ మూడు బాటలు కలిసే కాడ కోసిన నిమ్మకాయ, పసుపు, కుంకుమ కనబడితే బండి పక్కకు తిప్పే పోరగాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో బీటెక్‌లు కూడా ఉన్నారు. తప్పు పట్టట్లేదు, చీకట్లో నేను కూడా తిప్పుతా.

అయితే ఆ నిమ్మకాయ దగ్గర ఆగని భయం కూడా ఒకటుంది. మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని కొట్టడం, పళ్ళు పీకడం, చంపడం తెలంగాణ పల్లెల్లో జరిగిన పనులే. పళ్ళు ఎందుకంటే, మంత్రం సరిగ్గా పలకలేకపోవాలని. ఇలాంటి వాటిల్లో బలయ్యేది ఎక్కువగా పేదవాళ్ళు, అండలేని ముసలివాళ్ళు. బాణామతి లేదని చెప్పడానికి జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది ఊరికే కాదు. 'విరూపాక్ష' మొదలయ్యేదే క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెట్టడంతో. ఆ తర్వాత కథలో క్షుద్రశక్తి నిజమే అయిపోతుంది కాబట్టి, ఆ రోజు నిప్పు పెట్టిన చేతుల సంగతి మనం అంతగా పట్టించుకోం.

సినిమా చూసి ఎవరో ఎవరినో చంపుతారని నేననట్లేదు. అంత చిన్న లెక్క కాదది. నా మాట ఇంతే: అమెరికా అడవిలో మంత్రగత్తె ఉందో లేదో తేలకపోతే నష్టపోయేవాడెవడూ లేడు. మన దగ్గర 'చేతబడి ఉందేమో' అనే ప్రశ్నను గాల్లో వదిలితే, అది ఏదో ఒక ఊర్లో ఏదో ఒక ఇంటి గడప మీద వాలుతుంది. అలాగని ప్రతి హారర్ సినిమా చివర్లో డాక్టర్ వచ్చి పాఠం చెప్పాలని కోరుకోవట్లేదు, అట్లా చెప్తే ఎవరూ చూడరు. 'ఇంతకీ ఉందా లేదా' అన్నది తెరిచే ఉంచండి. దాని పేరు చెప్పి ఎవరు బాగుపడ్డారు, ఎవరు పోయారు, ఎవరి ఆశ ఎవరి ప్రాణం మీదికొచ్చింది, ఇవి మాత్రం తేల్చండి. అప్పుడు ప్రేక్షకుడు భయంతో ఇంటికి పోయినా, పక్కింటి ముసలమ్మను చూసి భయపడడు. మనిషి ఆశను చూసి భయపడతాడు. అది మంచి భయం.

కాబట్టి ఏ సిరీస్ చివరి భాగం చూసినా నేను మూడు విషయాలు చూస్తాను. ఒకటి, మనుషులకు ఏమైందో తెలిసిందా? రెండు, తేల్చకుండా వదిలిన ప్రశ్నకు రెండువైపులా ఆధారాలు తెర మీదే ఉన్నాయా, లేక డైరెక్టర్ జేబులో ఉండిపోయాయా? మూడు, ఇంకో భాగం ఎప్పటికీ రాకపోయినా ఇది ముగింపుగా నిలబడుతుందా? 'తులసిదళం' మూడూ దాటింది. 'చంద్రముఖి' తన మొదటి సినిమాతో దాటింది, తర్వాతి సినిమాలతో పోగొట్టుకుంది. 'పొలిమేర' సగం దారిలో ఉంది.

పొలిమేర అంటేనే హద్దు. ఇటు మన ఊరు, అటు ఏముందో తెలీని చీకటి. మూడో భాగం ఆ చీకట్లోకి టార్చ్ వేసి అంతా చూపించక్కర్లేదు. కొమిరి చేసినదానికి జవాబు ఏమిటి, జంగయ్యకు అన్న దొరికాక మిగిలింది ఏమిటి, లచ్చిమి ఏ ఒడ్డుకు చేరింది, ఈ మూడూ హద్దుకు ఇవతలి సంగతులు. అవి చెప్తే చాలు. అవతల ఏముందో మనం హాస్టల్లో కూర్చుని కొట్లాడుకుంటాం, ఆ పని మనకు బాగానే వచ్చు.