డ్రమ్ముకు ఒకటే నంబరు.. చెరువుకు ఎన్ని పేర్లో!

కాజీపల్లి పారిశ్రామికవాడలో ఏ బల్క్‌డ్రగ్ కంపెనీ స్టోర్స్‌లోనైనా పనిచేసే కుర్రాడిని అడిగి చూడండి. అసిటోన్ అన్నా, ప్రొపనోన్ అన్నా, డైమిథైల్ కీటోన్ అన్నా తడబడడు. ‘సీఏఎస్ నంబరు చూడండి సార్, 67-64-1 ఉంటే మూడూ ఒకటే’ అంటాడు. పేరు ఏదైనా, డ్రమ్ము ఏ దేశం నుంచి వచ్చినా, నంబరు మాత్రం ఒక్కటే. తేడా వస్తే బ్యాచ్ మొత్తం పోతుందని వాడికి తెలుసు.

అదే కుర్రాడిని వాళ్ల ఊరి చెరువు గురించి అడగండి. నీళ్లు ఎవరు పరీక్షించారు? ఏం తేలింది? ‘ఎవరో వచ్చి సీసాల్లో పట్టుకుపోయారంట సార్’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ ‘ఎవరో’ కనుక్కున్నది చిన్న విషయం కాదు. పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. 2014లో మరో పత్రం వచ్చింది. అది నేరుగా కాజీపల్లి చెరువు మీదే. యాంటీబయాటిక్ మందులను తట్టుకునే జన్యువులు అక్కడి సూక్ష్మజీవుల్లో, స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే సుమారు 7000 రెట్లు ఎక్కువగా కనిపించాయని అందులో ఉంది. ఈ పత్రాలు దాచిపెట్టినవేం కావు. కానీ ఆ చెరువు గట్టున పెరిగిన పిల్లలకు అవి చేరలేదు.

ఎందుకు చేరలేదు? ఇంగ్లిష్‌లో ఉన్నాయనేది సగం కారణమే. మిగతా సగం, మన సమాచారానికి ‘సీఏఎస్ నంబరు’ లాంటిది లేకపోవడం. ఊరి పేరు ఒకచోట కాజీపల్లి, ఇంకోచోట ఖాజీపల్లి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఎవరి స్పెల్లింగ్ వాళ్లదే. 2014 జూన్‌కు ముందు కాగితాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబరుకు ముందు జిల్లా మెదక్, ఆ తర్వాత సంగారెడ్డి. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం కేసు కాగితాలు ఒక దగ్గర, పరిశోధన పత్రాలు మరో దగ్గర, రెవెన్యూ రికార్డులు ఇంకో దగ్గర. ఇంటర్నెట్‌లో ఊరి పేరు కొడితే 2020లో హీరో ప్రభాస్ 1,650 ఎకరాల అడవిని దత్తత తీసుకున్న వార్త వస్తుంది. సంతోషమే. కానీ ఆ అడవీ, ఈ చెరువూ, ఆ కేసూ ఒకే ఊరి చుట్టూ ఉన్నవని కంప్యూటర్‌కు తెలియదు. దానికి అవి అక్షరాలు మాత్రమే.

సరిగ్గా ఈ చిక్కును విప్పడానికి పుట్టిందే సెమాంటిక్ వెబ్. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, మరో ఇద్దరితో కలిసి 2001లో దీని గురించి వివరంగా రాశారు. పేరు బరువుగా ఉంది గానీ లోపల ఉన్నది తేలిక. ప్రతి విషయానికీ ఒక స్థిరమైన గుర్తింపు ఇవ్వాలి. తర్వాత ప్రతి సంగతినీ మూడు ముక్కల్లో చెప్పాలి. ‘కాజీపల్లి చెరువు - ఉన్న జిల్లా - సంగారెడ్డి’. ‘2014 పత్రం - పరిశీలించిన చోటు - కాజీపల్లి చెరువు’. ఇలాంటి ముక్కలు వేలకొద్దీ ఒకదానికొకటి తగులుకుంటే, ‘ఈ చెరువు గురించి ఇప్పటిదాకా ఎవరేం చెప్పారు?’ అన్న ప్రశ్నకు కంప్యూటర్ జవాబు వెతికి ఇవ్వగలదు. ఆ రాసే పద్ధతిని ఆర్‌డీఎఫ్ అంటారు, ప్రశ్న అడిగే భాషను స్పార్కిల్ అంటారు.

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోకండి. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ పని ఎప్పుడో చేసింది. ఐఐటీ కాన్పూర్, ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లోని నార్మ్ వంటి సంస్థలు కలిసి కట్టిన ‘అగ్రోపీడియా’ 2009 జనవరిలో మొదలైంది. పంట, తెగులు, మందు, నేల.. వీటి మధ్య సంబంధాలను ముందే పటంలా గీసి, ఆ పటం మీద సమాచారాన్ని అమర్చారు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నిపుణులు సరిచూసిన సమాచారానికి ఒక గది, రైతులూ విస్తరణాధికారులూ అనుభవంతో చెప్పేదానికి ఇంకో గది పెట్టారు. రెండింటినీ కలగాపులగం చేయలేదు, ఏ ఒక్కదాన్నీ బయటికి నెట్టలేదు.

ఆ పటం ఎందుకంటారా? మన దగ్గర పల్లీలు అంటాం. పుస్తకంలో వేరుశనగ. అనంతపురం వైపు బుడ్డలు. ముగ్గురు రైతులు ఒకే తెగులు గురించి మూడు పేర్లతో మాట్లాడితే మామూలు వెతుకులాటకు మూడు వేర్వేరు పంటలు కనిపిస్తాయి. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ నడిపే ‘ఆగ్రోవాక్’ పదకోశం ఇలాంటి చిక్కును తీర్చేదే. ఒక భావానికి ఒకే గుర్తింపు ఇచ్చి, దాని కింద ఎన్నో భాషల పేర్లు చేరుస్తుంది. అందులో తెలుగు కూడా ఉంది.

పల్లీకి చేసిన పని చెరువుకు ఎందుకు చేయకూడదు? నా మాట ఇదే. ఈ పని ఎక్కడో ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్లది కాదు, ఇక్కడి పిల్లలదే. జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం చుట్టూ బీఎస్సీ కెమిస్ట్రీ చదివి షిఫ్టులు చేస్తున్నవాళ్లు ఎంతోమంది. కోడింగ్ రాదని తమను తాము తక్కువ చేసుకుంటుంటారు. కానీ నాలెడ్జ్ గ్రాఫ్ కట్టేటప్పుడు కష్టమైన భాగం కోడ్ కాదు. ‘ఇదీ అదీ ఒకటేనా, కాదా?’ అని తేల్చడం. సాల్వెంట్‌కూ ఇంటర్మీడియట్‌కూ తేడా తెలిసినవాడే ఆ మాట చెప్పగలడు. ఫార్మా, వైద్య రంగాల్లో డేటా క్యూరేటర్, ఆంటాలజిస్ట్ పేర్లతో ఉన్న ఉద్యోగాలు సరిగ్గా ఈ పని కోసమే. ఆస్పత్రి రికార్డుల్లో వాడే స్నోమెడ్ సీటీ పదకోశంలో మన దేశం 2014 నుంచి సభ్యురాలు కాబట్టి ఇక్కడ దాన్ని వాడుకోవడానికి లైసెన్సు రుసుము లేదు.

మొదలుపెట్టడానికి ఫీజులు కట్టక్కర్లేదు. 2012లో మొదలైన వికీడేటాలో ఖాతా తెరిచి మీ ఊరు, మీ చెరువు, మీ వాగు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేర్చండి, ఉంటే తెలుగు పేరు, మండలం, ఆధారం జోడించండి. స్పార్కిల్‌లో చిన్న ప్రశ్నలు రాయడం నేర్చుకోండి. స్టాన్‌ఫర్డ్ వర్సిటీ ఉచితంగా ఇచ్చే ప్రొటెజే సాఫ్ట్‌వేర్‌లో మీ ప్లాంటులోని పదాలతో చిన్న ఆంటాలజీ గీయండి. కంపెనీ రహస్యాలు మాత్రం వద్దు, పాఠ్యపుస్తకంలో ఉన్నవి చాలు. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే ఇది గట్టి సాక్ష్యం.

‘ఏఐని అడిగితే అన్నీ చెబుతుంది కదా, ఇదంతా ఎందుకు?’ అని కొందరంటారు. చెబుతుంది, నిజమే. కానీ ఏ కాజీపల్లి గురించి, ఏ ఏడాది లెక్క, ఎవరు కొలిచారు అని గుచ్చి అడిగితే దానికీ ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని పేర్చేది మనుషులే.

ప్రభుత్వ శాఖలూ ఒక అడుగు వేయాలి. నీటి పరీక్షల ఫలితాలను స్కాన్ చేసిన కాగితాలుగా పెడితే లాభం లేదు. ప్రతి వరుసలో చెరువు గుర్తింపు, తేదీ, కొలత ఉండేలా తెరిచిన పట్టికలుగా ఇవ్వాలి.

సమాచారం సర్దినంత మాత్రాన చెరువు శుభ్రపడదు, ఒప్పుకుంటాను. కానీ రేపు గ్రామసభలో ఒక అమ్మాయి లేచి ‘మన చెరువు గురించి ఇన్నేళ్లలో ఇన్ని పరీక్షలు జరిగాయి, ఇదిగో వరుస’ అని చదివితే, ‘ఎవరో వచ్చి పట్టుకుపోయారంట’ అనే మాటకు కాలం చెల్లుతుంది. డ్రమ్ము విషయంలో మనం ఎంత కచ్చితంగా ఉంటామో, చెరువు విషయంలోనూ అంతే ఉందాం.